పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు: మసీదు అరుగు నుంచి శాసనసభ దాకా

అరబ్బు దేశాల్లో 2011లో నియంతలు కూలిపోయాక, అంతవరకూ మత ప్రబోధానికే పరిమితమైన సంస్థలు రాజకీయ పార్టీలుగా మారిన తీరుపై గత సంచికలో ఒక వ్యాసం వేశాము. దానికి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం విశాఖపట్నం నుంచి వచ్చినవే. ఓడలెక్కి ఆ రేవులు చూసి వచ్చినవారు, గల్ఫులో ఆ దేశాలవారితో ఒకే గదిలో ఉండి పనిచేసి వచ్చినవారు ఈ ఊళ్లో ఉండడం వల్ల కాబోలు, చాలా ప్రశ్నలు కళ్లతో చూసిన సంగతుల్లోంచే పుట్టాయి. అందుకని ఈసారి శీర్షిక మొత్తాన్ని ఈ ఒక్క విషయానికే కేటాయించాను. స్థలాభావం వల్ల ఉత్తరాలను కుదించవలసి వచ్చింది. రాసినవారి పేర్లు వేయలేదు.

ప్రశ్న (మల్కాపురం నుంచి, వాణిజ్య నౌకల్లో పనిచేసి విరమించిన పాఠకుడు): 2011 నవంబరు చివర మా ఓడ ఈజిప్టులోని అలెగ్జాండ్రియా రేవులో ఉంది. ఊరంతా ఎన్నికల హడావుడి. గోడల మీద గడ్డాలు పెంచిన అభ్యర్థుల ఫోటోలు వరసగా ఉన్నాయి, పక్కన లాంతరు గుర్తు. ఆ వరసలో ఒక్కచోట మాత్రం ముఖం ఉండవలసిన చోట పువ్వు బొమ్మ వేశారు. అది ఆడమనిషి పేరని మా ఓడ ఏజెంటు చెప్పాడు. ఏడాది కిందటి దాకా వీళ్లు ఓటు వేయడమే తప్పనేవారని కూడా అన్నాడు. ఓటే తప్పన్నవారు పది నెలలు తిరక్కుండా పార్టీ ఎలా పెట్టగలిగారండీ?

జవాబు: మీరు చూసింది నూర్ పార్టీ పోస్టరు. నూర్ అంటే వెలుగు. లాంతరు గుర్తు ఆ పేరుకు తగినట్టే కుదిరింది. ఆ పార్టీకి పుట్టిల్లు మీ ఓడ ఆగిన ఊరే. 1970లలో అలెగ్జాండ్రియా విశ్వవిద్యాలయంలో చదువుకున్న కొందరు విద్యార్థులు, వారిలో పలువురు వైద్యవిద్య చదువుతున్నవారు, తోటివారంతా అక్కడి పెద్ద ఇస్లామిక సంస్థ అయిన ముస్లిం బ్రదర్‌హుడ్‌లో చేరిపోతుంటే తాము చేరమని చెప్పి వేరుగా ఒక ప్రబోధ సంస్థను కట్టుకున్నారు. ఇస్లాం తొలి తరాలవారిని అరబ్బీలో సలఫ్ అంటారు. వారు నడిచిన దారిలో నడవడమే తమ పని అన్నారు గనుక వీరికి సలఫీలన్న పేరు వచ్చింది. వైద్యుడైన యాసిర్ బుర్హామీ వీరిలో పేరు పడ్డవాడు.

ఓటు తప్పని వారు అన్న మాట నిజమే గాని, ఆ మాట వెనక వాదాలు రెండుండేవి. శాసనం చేసే అధికారం దేవుడిది, దాన్ని మనుషుల చేతిలో పెట్టే సభలో కూర్చోవడం ధర్మం కాదన్నది మొదటిది. రెండోది లాభనష్టాల లెక్క. హోస్నీ ముబారక్ ఏలుబడిలో ఎన్నికల్లోకి దిగితే వదులుకోవలసింది కొండంత, దక్కేది గోరంత. అంతకంటే మసీదులో కూర్చుని నాలుగు మంచిమాటలు చెప్పుకోవడం మేలన్నారు. ప్రభుత్వం కూడా వీరిని ఒక కంట కనిపెడుతూనే, బ్రదర్‌హుడ్‌కు పోటీగా పనికొస్తారని కొంత వెసులుబాటు ఇచ్చింది. సలఫీ బోధకులు టెలివిజన్ చానళ్లలో కనిపించసాగింది ఆ కాలంలోనే. 2011 జనవరిలో జనం వీధుల్లోకి వచ్చినప్పుడు అలెగ్జాండ్రియా సలఫీ పెద్దలు తమవారిని వెళ్లవద్దన్నారు. ఫిబ్రవరి 11న ముబారక్ గద్దె దిగాడు. దాంతో రెండో వాదానికి ఒక్క రోజులో కాలం చెల్లింది. మొదటి వాదానికి మాత్రం ఎవరూ జవాబు చెప్పలేదు, చెప్పకుండానే పక్కన పెట్టేశారు. తరువాత ఆ పార్టీకి వచ్చిన చిక్కుల్లో చాలావాటికి మూలం ఇక్కడ ఉందని నేను నమ్ముతున్నాను.

తొందరకు కారణాలున్నాయి. ఇస్లామీయ ధర్మశాస్త్ర సూత్రాలే శాసనాలకు ప్రధాన ఆధారమని చెప్పే రాజ్యాంగంలోని రెండో అధికరణాన్ని కొత్త రాజ్యాంగంలో తీసేస్తారన్న భయం ఒకటి. మైదానమంతా బ్రదర్‌హుడ్ ఆక్రమించుకుంటే రేపు తమకు నిలువ నీడ ఉండదన్న భయం ఇంకొకటి. మార్చి 19న జరిగిన రాజ్యాంగ సవరణల ప్రజాభిప్రాయ సేకరణలో నూటికి 77 మంది అవునన్నప్పుడు, ఒక ప్రసిద్ధ సలఫీ బోధకుడు దాన్ని బ్యాలెట్ పెట్టెల దండయాత్రలో గెలుపని వర్ణించి, దుమారం రేగాక సరదాకు అన్నానని చెప్పుకున్నాడు. సరదాకు అన్నా, నిజంగా అన్నా, పెట్టె అనేది గెలవదగిన వస్తువని ఆ రోజు వారికి తెలిసివచ్చింది. కొత్త చట్టం ప్రకారం పార్టీ నమోదుకు కనీసం పది రాష్ట్రాల నుంచి 5,000 మంది సభ్యులు కావాలి. తహ్రీర్ చౌకులో నినాదాలిచ్చిన యువకులకు అంతమంది సంతకాలు కూడగట్టడం తలకు మించిన పని అయితే, ఊరూరా మసీదులో శిష్యులున్న సలఫీలకు అది లెక్కలోది కాదు. జూన్‌లో పార్టీ నమోదైంది. మీరు చూసిన మొదటి విడత పోలింగు నవంబరు 28న మొదలైంది. మూడు విడతలూ ముగిసేసరికి నూర్ నాయకత్వంలోని కూటమికి పార్టీల జాబితాలకు పడిన ఓట్లలో నూటికి దాదాపు 28, ఎన్నికైన 498 స్థానాల్లో 120కి పైగా దక్కాయి. బ్రదర్‌హుడ్ తరువాతి స్థానం వీరిదే.

ఇక పువ్వు సంగతి. ప్రతి జాబితాలోనూ కనీసం ఒక స్త్రీ ఉండాలని ఎన్నికల చట్టం చెప్పింది. పాటించకపోతే జాబితా చెల్లదు, పాటిస్తే స్త్రీ ముఖం గోడమీదికి ఎక్కించడం తమ బోధకు విరుద్ధం. రెండిటి మధ్యా దొరికిన సందు ఆ పువ్వు. పేరు చట్టం కోసం, పువ్వు తమవారి కోసం. పక్కన పెట్టిన మొదటి వాదం అన్నానే, అది పోస్టరు మీద ఎలా కనిపిస్తుందో మీరు స్వయంగా చూశారు.

వీరి ప్రబోధ సంస్థ పేరులో ఉన్న అరబ్బీ మాట దావా. తెలుగులో దావా అంటే కోర్టులో వేసే వ్యాజ్యం, దావత్ అంటే విందు. రెండూ అరబ్బీ నుంచి వచ్చినవే, ఒకే ధాతువు నుంచి పుట్టినవే. పిలుపు అన్నది వాటి అసలు అర్థం. విందుకు పిలవడమూ పిలుపే, ధర్మానికి పిలవడమూ పిలుపే. ధర్మానికి పిలిచేవాడికి ఓటమి ఉండదు. ఈ రోజు వినని మనిషి రేపు వింటాడు. పార్టీకి అలా కాదు. అయిదేళ్లకోసారి గెలుపో ఓటమో తేలిపోతుంది, ఈలోగా ప్రత్యర్థితో రాజీపడాలి, సగం దక్కితే చాలనుకోవాలి. పార్టీ మొదటి అధ్యక్షుడు ఇమాద్ అబ్దుల్ గఫూర్‌కు ఈ తేడా అర్థమైంది. పార్టీ నిర్ణయాలు పార్టీవారే తీసుకోవాలి, గురువులు ప్రబోధం చూసుకోవాలి అని ఆయన పట్టుబట్టాడు. బుర్హామీ వర్గం ఒప్పుకోలేదు. 2012 చివరికి ఆయన బయటికి వచ్చి వతన్ అనే వేరు పార్టీ పెట్టుకున్నాడు. ఆ తగవును ఆనాటి పత్రికలు వ్యక్తుల పోరుగా రాశాయి గాని, నా దృష్టిలో ఆ ఉద్యమం మొత్తానికి ఎదురైన అసలు ప్రశ్న అదే.

ఆ తరువాతి కథ త్వరగా చెబుతాను. 2013 జులై 3న సైన్యాధిపతి సిసీ, ఎన్నికైన అధ్యక్షుడు మొహమ్మద్ మోర్సీని తొలగిస్తున్నట్టు ప్రకటించినప్పుడు నూర్ పార్టీ ప్రధాన కార్యదర్శి ఆ వేదిక మీద కూర్చున్నాడు. ఆగస్టు 14న కైరోలోని రబ్బా కూడలిలో మోర్సీ మద్దతుదారులు వందల సంఖ్యలో ప్రాణాలు కోల్పోయారు. పార్టీ బతికింది, నమ్మి ఓటేసినవారిలో చాలామంది దూరమయ్యారు. 2015లో కొత్త చట్టం ప్రతి జాబితాలోనూ క్రైస్తవులు ఉండాలంది. ముస్లిం కానివారు పదవుల్లో ఉండరాదని బోధించిన సంస్థ తాలూకు పార్టీ కాప్టిక్ క్రైస్తవులను వెతికి తెచ్చుకుని నిలబెట్టింది. పదీ పన్నెండు స్థానాలతో సరిపెట్టుకుంది. 2020లో అవి ఏడుకు తగ్గాయి.

ప్రశ్న (ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో రాజనీతిశాస్త్రం చదువుతున్న విద్యార్థిని): ఎంత కరడుగట్టిన ఉద్యమమైనా ఎన్నికల్లోకి వస్తే మెత్తబడుతుందని మాకు తరగతిలో చెప్పారు. ఇది అన్ని చోట్లా నిజమేనా?

జవాబు: సగం నిజమమ్మా. మెత్తబడ్డవారు ఉన్నారు, అయితే మెత్తబరిచింది ఓటొక్కటే అని చెప్పలేము.

ట్యునీసియా చూడండి. 2011 జనవరి 14న అక్కడి నియంత బెన్ అలీ దేశం విడిచి పారిపోయాడు. రెండు దశాబ్దాలకు పైగా ప్రవాసంలో ఉన్న ఇస్లామిక పార్టీ ఎన్నహ్దా నాయకుడు రాషిద్ ఘన్నూషీ ఆ నెల 30న లండన్ నుంచి తిరిగివచ్చాడు. అక్టోబరులో రాజ్యాంగ సభ ఎన్నికల్లో 217 స్థానాలకు ఎన్నహ్దాకు 89 వచ్చాయి. అందరికంటే పెద్ద పార్టీ, కాని సొంత మెజారిటీ లేదు. మతం జోలికి పోని రెండు పార్టీలతో పొత్తు పెట్టుకోక తప్పలేదు. ధర్మశాస్త్రాన్ని రాజ్యాంగంలో రాయాలని వీధుల్లో సొంతవారే కోరుతుండగా, 2012 మార్చిలో పార్టీ ఆ కోరికను పక్కనపెట్టి 1959 నాటి రాజ్యాంగంలోని మొదటి అధికరణం చాలునంది. అదే ఏడాది ఆగస్టులో ముసాయిదాలో స్త్రీని పురుషుడికి పూరకంగా వర్ణించే వాక్యం ఒకటి చోటుచేసుకుంది. వేలాది స్త్రీలు రాజధాని వీధుల్లోకి వచ్చారు. వాక్యం పోయింది. 2014 జనవరిలో ఆమోదం పొందిన రాజ్యాంగం పౌరులు స్త్రీపురుష భేదం లేకుండా సమానులంది, ఎన్నికైన సభల్లో స్త్రీలకు సమాన సంఖ్య సాధించే బాధ్యతను రాజ్యానికి అప్పగించింది. ఆ రాజ్యాంగ సభలో ఎన్నికైన స్త్రీలలో అత్యధికులు ఎన్నహ్దావారే అన్నది కూడా మరిచిపోకండి. మీ తోటి పాఠకుడు అలెగ్జాండ్రియాలో చూసిన పువ్వు పక్కన ఈ సంగతి పెట్టి చూస్తే, ఇస్లామిక పార్టీలన్నీ ఒకటే అనే మాట ఎంత తొందరపాటో తెలుస్తుంది.

ఇదంతా ఓటు మహిమేనా? కాదు. బెన్ అలీ కాలంలోనే, 2005 నుంచి, ఎన్నహ్దావారూ వామపక్షాలవారూ ఒకే బల్ల దగ్గర కూర్చుని స్త్రీల హక్కుల మీద, మతస్వేచ్ఛ మీద ఒడంబడికకు వచ్చారు. ఒకే నియంత చేతిలో దెబ్బలు తిన్నవారికి ఒకరి మాట ఒకరు వినే ఓపిక వచ్చి ఉంటుంది. 2013లో చోక్రీ బెలాయిద్, మొహమ్మద్ బ్రహ్మీ అనే ఇద్దరు ప్రతిపక్ష నాయకుల హత్యలతో దేశం అట్టుడికింది. అదే సమయంలో కైరోలో సైన్యం ఏం చేసిందో ఎన్నహ్దా చూసింది. 2014 జనవరిలో ప్రభుత్వం నుంచి తనంతట తాను తప్పుకుంది. భయం పాత్ర ఇందులో ఎంతో, వివేకం పాత్ర ఎంతో తూచి చెప్పడం కష్టం. రెండూ ఉన్నాయని మాత్రం చెప్పగలను. 2016 మే నెలలో జరిగిన మహాసభలో పార్టీ పనినీ ప్రబోధాన్నీ అధికారికంగా విడదీశారు. అలెగ్జాండ్రియాలో అబ్దుల్ గఫూర్ అడిగి సాధించలేకపోయింది అదే.

ఇండొనేసియాది ఇంకో దారి. అక్కడి నియంత సుహార్తో 1998 మే 21న రాజీనామా చేశాడు. అంతకు ముందు రెండు దశాబ్దాలుగా విశ్వవిద్యాలయాల్లో, ముఖ్యంగా బాండుంగ్ సాంకేతిక విద్యాసంస్థలోని సల్మాన్ మసీదు చుట్టూ, విద్యార్థులు చిన్న చిన్న జట్లుగా వారానికోసారి కూర్చుని మత గ్రంథాలు చదువుకునేవారు. రాజకీయ సంఘాలు క్యాంపస్‌లో నడవనివ్వని ప్రభుత్వానికి మసీదులో చదువుకుంటున్న పిల్లలు ప్రమాదంగా కనిపించలేదు. ఆ జట్లే 1998లో జస్టిస్ పార్టీ అయ్యాయి. మరుసటి ఏడాది 48 పార్టీలు పోటీచేసిన ఎన్నికల్లో వారికి నూటికి ఒకటిన్నర ఓట్లు కూడా రాలేదు. మళ్లీ పోటీ చేయడానికి కావలసిన కనీస వాటా రెండు శాతం దాటలేదు గనుక కొత్త పేరుతో పార్టీ పెట్టుకోవలసి వచ్చింది. 2004లో ధర్మశాస్త్రం ఊసు తగ్గించి, లంచం ముట్టని పార్టీ అని చెప్పుకుని తిరిగారు. ఓట్లు ఏడు శాతం దాటాయి, 45 స్థానాలు వచ్చాయి, రాజధాని జకార్తాలో మొదటి స్థానం దక్కింది.

ఆ తరువాత దెబ్బ ఎక్కడ తగిలిందో గమనించండి. 2013 జనవరిలో ఆ పార్టీ అధ్యక్షుడు లుత్ఫీ హసన్ ఇషాక్‌ను అవినీతి నిరోధక సంస్థ అరెస్టు చేసింది. గొడ్డుమాంసం దిగుమతి కోటాలు పెంచే వ్యవహారంలో లంచమని అభియోగం; ఆ డిసెంబరులో కోర్టు 16 ఏళ్ల శిక్ష వేసింది. శుభ్రమైన చేతులే పెట్టుబడిగా పెరిగిన పార్టీకి ఇంతకు మించిన దెబ్బ ఉండదు. అయినా పార్టీ చచ్చిపోలేదు. 2024లో నూటికి ఎనిమిదికి పైగా ఓట్లు తెచ్చుకుంది. సంకీర్ణాల్లో చేరుతూ, బయటికి వస్తూ, మిగతా పార్టీల మాదిరే అయింది. మెత్తబడడం అంటే మీ పాఠ్యపుస్తకం చెప్పేది ఇదేనేమో. నాకైతే దీన్ని మామూలుతనం అనాలనిపిస్తుంది. ముస్లిములు ధర్మశాస్త్రాన్ని పాటించి తీరాలన్న మాటను రాజ్యాంగంలో చేర్చాలని 2002లో అక్కడ ఒక ప్రయత్నం జరిగితే, దాన్ని వద్దన్నవారిలో కోట్ల సభ్యులున్న నహ్దతుల్ ఉలమా, ముహమ్మదియా అనే ముస్లిం సంస్థల నాయకులే ముందున్నారు. పార్టీ మెత్తబడిందా లేదా అని మాత్రమే చూస్తే, చుట్టూ ఉన్న సమాజం చేసిన ఈ పని మన కంటికి ఆనదు.

ప్రశ్న (గాజువాక నుంచి, ఉక్కు కర్మాగార కార్మికుడు): ఈజిప్టులో కూలీ జనం ఇలాంటి పార్టీలకు అన్నన్ని ఓట్లు వేశారంటే మతపిచ్చి తప్ప వేరే కారణం కనిపించడం లేదు. మీరేమంటారు?

జవాబు: ఆ మాటతో ఏకీభవించలేను. 2011 చివర ఈజిప్టులో వంటగ్యాసు బండలకు కటకట వచ్చింది. జనం తెల్లవారకముందే బండలు పట్టుకుని బారులు తీరారు. నూర్ పార్టీవారు, బ్రదర్‌హుడ్‌వారు బండలు తెప్పించి సరసమైన ధరకు పేటల్లో పంచారు. కూరగాయలు చవకగా అమ్మారు. బండ తెచ్చి ఇచ్చినవాడు ఎన్నికల కోసం కొత్తగా వచ్చినవాడు కాదు, బిడ్డకు జ్వరం వస్తే మసీదు పక్క ఆసుపత్రిలో చీటీ రాయించినవాడే, రంజాన్‌లో బియ్యం సంచి గుమ్మంలో దించినవాడే. ఎదుటి పార్టీ అభ్యర్థి ముఖం మాత్రం వారు టీవీలో తప్ప చూసి ఎరుగరు.

మీకు ఇంకోటి చెప్పాలి, మీరు యూనియను ఉన్న చోట పనిచేసేవారు గనుక. ముబారక్ కాలంలో ఈజిప్టు కార్మిక సమాఖ్య ప్రభుత్వం గుప్పిట్లో ఉండేది. పేటలో నలుగురు కలిసి కూర్చుని కష్టం చెప్పుకోవడానికి మసీదు తప్ప వేరే చోటు మిగల్లేదు. ట్యునీసియాలో అలా కాదు. 1946లో పుట్టిన అక్కడి కార్మిక సమాఖ్య యూజీటీటీ, నియంతల కాలంలో నలిగిపోయినా ఊపిరి నిలుపుకుంది. 2013లో దేశం చీలిపోయే స్థితికి వచ్చినప్పుడు, ఆ సమాఖ్య యజమానుల సంఘాన్నీ, మానవ హక్కుల సంఘాన్నీ, న్యాయవాదుల సంఘాన్నీ కలుపుకుని ఎన్నహ్దానూ ప్రతిపక్షాలనూ ఒక బల్ల దగ్గరికి లాక్కొచ్చింది. ఆ నాలుగు సంస్థలకూ కలిపి 2015లో నోబెల్ శాంతి బహుమతి ఇచ్చారు. ఒక కార్మిక సంఘం మతానికీ రాజకీయానికీ మధ్య సంధి కుదిర్చిన ఆ ఘట్టాన్ని మీ యూనియను కార్యాలయంలో ఒకసారి చర్చకు పెట్టండి.

ప్రశ్న (వన్‌టౌన్ నుంచి ఒక పాఠకురాలు): గత సంచిక వ్యాసంలో అందరినీ కలిపి ఛాందసులు అని రాశారు. మా ఇంటినుంచి చూస్తే దర్గా కొండ కనిపిస్తుంది. ఆ మెట్లెక్కి మొక్కుకునేవాళ్లలో అన్ని మతాలవాళ్లూ ఉంటారు, ఆ పక్క కొండల మీదే గుడీ చర్చీ ఉన్నాయి. మీరు రాసిన సలఫీలకు మా పద్ధతే నచ్చదు. ఒకే మాటతో మమ్మల్నీ వాళ్లనీ ఎలా కట్టేస్తారండీ?

జవాబు: అమ్మా, తప్పు మాదే, ఒప్పుకుంటున్నాను. ఆ మాట అక్కడ వాడకుండా ఉండవలసింది.

మీరన్నట్టు, వలీల, అంటే ముస్లిం సాధువుల, సమాధుల దగ్గర మొక్కుకోవడం సలఫీ బోధ ప్రకారం తప్పు. ఆ బోధ మాట వరకే ఉన్నచోట అది మతంలోపలి వాదం. 2012 ఆగస్టులో లిబియా రాజధాని ట్రిపోలీలో సమాధులున్న ఒక మసీదును పట్టపగలు యంత్రాలు పెట్టి పడగొట్టారు. 2013 జనవరిలో ట్యునిస్ పక్కన సముద్రం మీదికి చూసే గుట్టమీది ఊరు సిదీ బూ సయీద్‌లో, ఏ వలీ పేరు మీద ఆ ఊరు వెలిసిందో ఆయన సమాధి మందిరానికే నిప్పంటించారు. కొండ, కింద సముద్రం, ఓడలు, మొక్కుకునే జనం; మీ కిటికీలోంచి కనిపించే దృశ్యానికీ దానికీ పెద్ద తేడా లేదు. ఆ మంట చూసి ఏడ్చినవారు ముస్లిములు. ఆ రోజుల్లో ప్రభుత్వంలో ఉన్న ఎన్నహ్దా దాడిని ఖండించింది గాని, ఇలాంటి మూకలను ముందే అదుపు చేయలేదన్న నింద దాని మీద పడింది, అందులో న్యాయం ఉందని నేననుకుంటాను.

బ్రదర్‌హుడ్ వేరు, సలఫీలు వేరు. సలఫీలలోనూ ఎన్నికలకు వచ్చినవారు వేరు, ఎన్నికలే వద్దన్నవారు వేరు, ఆయుధం పట్టినవారు మరీ వేరు. 2012 ఫిబ్రవరిలో ఈజిప్టు శాసనసభలో జరిగిన ఒక చిన్న సంఘటన ఈ తేడాను కళ్లకు కడుతుంది. చర్చ సాగుతుండగా ఒక సలఫీ సభ్యుడు లేచి నిలబడి నమాజుకు అజాన్ ఇవ్వడం మొదలుపెట్టాడు. సభాపతి సాద్ అల్ కాతాత్నీ స్వయంగా బ్రదర్‌హుడ్ మనిషి. అజాన్‌కు మసీదు ఉంది, ఇది చర్చించుకునే సభ, మీరు మాకంటే ఎక్కువ ముస్లిములేమీ కాదు అనే అర్థం వచ్చేలా మందలించి కూర్చోబెట్టాడు. ఇద్దరూ దినానికి అయిదు పూటలా నమాజు చేసేవారే.

ప్రశ్న (గోపాలపట్నం నుంచి): మన బంగాళాఖాతం ఆవలి ఒడ్డున బంగ్లాదేశ్‌లో జమాత్ ఇస్లామీ సంగతి కూడా ఇదే కోవలోకి వస్తుందా?

జవాబు: పూర్తిగా రాదు. నూర్ పార్టీలాగా జమాత్ నిన్నగాక మొన్న రాజకీయాల్లోకి వచ్చింది కాదు. 2001 నుంచి 2006 దాకా ఢాకా ప్రభుత్వంలో దానికి ఇద్దరు మంత్రులుండేవారు. 1971 విమోచన యుద్ధంలో పాకిస్తాన్ పక్షాన నిలిచిందన్న మచ్చ దాన్ని నేటికీ వదల్లేదు. 2013లో హైకోర్టు దాని నమోదు చెల్లదంది. 2024 ఆగస్టు 1న షేక్ హసీనా ప్రభుత్వం నిషేధించింది, 5న హసీనా దేశం విడిచింది, 28న నిషేధం తొలగింది. 2025 జూన్‌లో సుప్రీంకోర్టు నమోదుకు తిరిగి దారి తెరిచింది. నిషేధించిన ప్రభుత్వం నాలుగు రోజుల్లో కూలిన సంగతి కింది ప్రశ్నకు కూడా పనికొస్తుంది.

ప్రశ్న (సీతమ్మధార నుంచి, విశ్రాంత ప్రభుత్వోద్యోగి): ప్రజాస్వామ్యం మీద నమ్మకం లేనివారిని ప్రజాస్వామ్యంలోకి రానివ్వడం ఎందుకు? మొదట్లోనే తలుపు మూసేస్తే సరిపోదా?

జవాబు: మీ భయాన్ని తేలిగ్గా కొట్టిపారేయను. ఒక్కరికి ఒక్క ఓటు, అదీ ఒక్కసారే అయిపోతుందేమోనని 1992లో అమెరికా దౌత్యవేత్త ఒకరు పెట్టిన భయం ఇది. ఆ భయానికి కారణమైన దేశం అల్జీరియా. 1988 అక్టోబరు అల్లర్ల తరువాత అక్కడి ఒంటిపార్టీ ప్రభుత్వం పార్టీలను అనుమతించింది. ఇస్లామిక్ సాల్వేషన్ ఫ్రంట్ 1990లో పురపాలక ఎన్నికలు గెలిచింది, 1991 డిసెంబరు 26న పార్లమెంటు ఎన్నికల మొదటి విడతలో తేలిన 231 స్థానాల్లో 188 గెలిచింది. దాని నాయకుల్లో ఒకడైన అలీ బెల్హాజ్ ప్రజాస్వామ్యాన్ని బహిరంగంగా తెగడినవాడు. ఆ మాటలు విన్నవారు భయపడ్డారంటే తప్పుపట్టలేను. సైన్యం రెండో విడత జరగనివ్వలేదు, మార్చిలో పార్టీని నిషేధించింది. ఆ తరువాత పదేళ్లు జరిగిన అంతర్యుద్ధంలో లక్షన్నర మంది చనిపోయారని అంచనా. బళ్లలో పాఠం చెప్పేవాళ్లు, పత్రికలవాళ్లు, ఊళ్లకు ఊళ్లు. మూసిన తలుపు వెనక మెత్తబడినవారు ఎవరూ లేరు. మిగిలింది తుపాకీ పట్టినవారే.

తలుపు తెరవడం అంటే షరతులు లేకుండా తెరవడం కాదు. కోర్టులు, సంఘాలు, పత్రికలు, ఓడిపోయినవాడు మళ్లీ పోటీచేయగలడన్న భరోసా, ఇవన్నీ ఉన్నచోట ఆ పార్టీ ఏమంటుందో కాదు, ఏం చేస్తుందో చూసి జనమే లెక్క తేలుస్తారు. ట్యునీసియాలో అలాగే తేల్చారు: ఎన్నహ్దా స్థానాలు 89 నుంచి 2014లో 69కి, 2019లో 52కి పడిపోయాయి. ఉద్యోగాలు ఇవ్వలేదని జనం కోపగించుకున్నారు. ప్రబోధాన్ని విడదీసినంత మాత్రాన ధరలు దిగివస్తాయా?

కాని ఆ లెక్కను జనం చేతుల్లోంచి లాక్కున్నారు. 2021 జులై 25 రాత్రి అధ్యక్షుడు కైస్ సయీద్ పార్లమెంటును స్తంభింపజేశాడు. పార్లమెంటు సభాపతి అప్పటికి ఘన్నూషీయే. తెల్లవారుజామున ఆయన పార్లమెంటు ముందుకు కారులో వచ్చాడు. గేటుకు తాళం, లోపల సైనికులు. తెరవమని అడిగారు, తెరవలేదు. ఎనభై ఏళ్ల ఆ మనిషి కారులోనే గంటల తరబడి కూర్చున్నాడు. గేటు బయట ఒక గుంపు ఆయనకు జేజేలు కొడుతుంటే, ఎదురుగా ఇంకో గుంపు పొమ్మని అరుస్తోంది. ఆ రెండో గుంపులో, మతపార్టీ పీడ విరగడైంది, ఇక స్వేచ్ఛ మాదే అనుకున్నవారు చాలామంది ఉన్నారు. 2023 ఏప్రిల్‌లో ఘన్నూషీని అరెస్టు చేశారు. ఆయనకు బద్ధశత్రువులైన మతాతీత వాదులు, న్యాయవాదులు, పాత్రికేయులు కూడా ఒకరి తరువాత ఒకరు అవే జైళ్లకు వెళ్లారు. 2011 అక్టోబరులో ఆ దేశపు జనం గంటలకొద్దీ వరసల్లో నిలబడి ఓటేసి, నీలి సిరా అంటిన వేలు పైకెత్తి ఫోటోలు దిగారు. 2022 డిసెంబరులో కొత్త పార్లమెంటుకు ఎన్నికలు జరిగితే ఓటు వేయడానికి వచ్చినవారు నూటికి పదకొండు మంది.